బురద పందెపు బండికి ఏ ఇంజను?

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అన్నారు మన పెద్దలు. అడుసు తొక్కడమే పందెంగా పెట్టుకొని, అందుకోసం బండిని ప్రత్యేకంగా తయారు చేసుకొనే రోజులు వస్తాయని వారు అనుకొని వుండరు. అమెరికాలో పొడవాటి బురదగుంట సిద్ధంచేసి, దానిగుండా ఎవరి ట్రక్కు ముందుగా అవతలి గట్టు చేరుతుందో గడియారం పట్టి చూస్తారు. మలేషియాలో 1997లో మొదలైన రెయిన్ ఫారెస్ట్ ఛాలెంజ్ అనే పోటీ 2014లో మన దేశానికి, గోవాకు వచ్చింది. అక్కడ వానాకాలంలో జీపులు బురదలోను, వాగుల్లోను పడి లేస్తాయి.

జివతి వైపు మనవారికి బురద సంగతి ఒకరు చెప్పాలా? మాణిక్‌గఢ్ కొండలమీది పల్లెలనుంచి గడ్‌చాందూరుకు, రాజురాకు దిగివచ్చే దారుల్లో శ్రావణమాసపు మట్టి చక్రాన్ని ఎలా పట్టుకుంటుందో మనకు తెలుసు. రాజురా తాలూకా ఆదిలాబాదు జిల్లాలో వున్ననాడూ అంతే, 1959లో చాందా జిల్లాలో కలిసిన తర్వాతా అంతే. మనుషుల కాగితాలు మారాయిగాని నేల మారలేదు. ఆ నేలమీద పెరిగిన కుర్రవాళ్ళకు ఈ పందెంమీద మనసు పోవడంలో వింత లేదు. "నాన్నా, ఒక పాత జీపు, దానికో పెద్ద ఇంజను" అని కొడుకు అడిగినప్పుడు, ఇంట్లో వున్నది పత్తి అమ్మిన డబ్బు అయినప్పుడు, తండ్రి ఆలోచించవలసిందే. అందుచేత ఈ నెల ఇంజను సంగతి నాలుగు మాటలు వ్రాయదలచాము.

ముందుగా బురద ఏమి అడుగుతుందో చూద్దాము. రాళ్ళ కొండ ఎక్కడానికి ఎద్దు లాగినట్టు నిదానమైన లాగుడు చాలు. బురద పందెంలో అది ఒక్కటే చాలదు. టైరు పట్టెల సందుల్లో బురద నిండి, చక్రం నున్నని గుండులా తయారవుతుంది. చక్రం వడిగా తిరిగితేనే ఆ బురద చిమ్ముకొనిపోయి పట్టెలు మళ్ళీ నేలను కరుస్తాయి. కాబట్టి లాగుడూ కావాలి, వడీ కావాలి. పైగా బండి తేలికగా వుండాలి. బరువైన బండి తన బరువుతోనే దిగబడుతుంది.

ఇక మన బజారులో దొరికేవి. పాత మహీంద్రా జీపుల్లో ప్యూజో డీజిలు ఇంజను వుండేది, 2112 సి.సి., అరవై పైచిలుకు అశ్వశక్తి. తర్వాత వచ్చిన డి.ఐ. డీజిలు 2523 సి.సి. 2010లో వచ్చిన థార్ బండిలో దీని లెక్క 63 అశ్వశక్తి, 182 న్యూటన్ మీటర్ల లాగుడు. నిమిషానికి 1500 చుట్ల దగ్గరే పూర్తి లాగుడు ఇస్తుంది. సంసారపక్షపు ఇంజను, పత్తి బోరెలు మోయడానికి దీనికి సాటి లేదు. అయితే 3200 చుట్లకల్లా దీని పని అయిపోతుంది. అదే థార్‌లో సి.ఆర్.డి.ఇ. అనే రకానికి 105 అశ్వశక్తి, 247 న్యూటన్ మీటర్లు. శక్తి చాలినంత వుంది. కాని బండి బరువు టన్నున్నరకు పైమాటే, రిపేరుకు కంప్యూటరు పెట్టి చూసే మెకానిక్కు కావాలి.

వేరొక దారి మారుతీ జిప్సీ. 1985లో ఇది 970 సి.సి. పెట్రోలు ఇంజనుతో, 45 అశ్వశక్తితో వచ్చింది. 1996లో 1298 సి.సి. ఇంజను పెట్టారు, తర్వాత దానినే 80 అశ్వశక్తికి పెంచారు. లాగుడు 103 న్యూటన్ మీటర్లే, డి.ఐ. డీజిలులో సగం కొంచెం పైన. అయినా పందెగాళ్ళు దీనిని వదలరు. ఎందుకంటే బండి బరువు టన్ను లోపే. ఇంజను 6000 చుట్ల వరకు తిరుగుతుంది. "ఫోర్ లో" గేరు వేస్తే లాగుడు బాగా పెరుగుతుంది. ఆ తర్వాత కూడా చక్రానికి ఇవ్వడానికి వడి మిగిలే వుంటుంది. డీజిలుకు అదే గేరులో వడి చాలదు, పై గేరు వేస్తే బురద ఇంజనును అణిచివేస్తుంది.

అమెరికాలో కొత్తవాళ్ళు చాలామంది షెవర్లే వారి 350 ఘనపుటంగుళాల వి-8 ఇంజను పెడతారు. అది 1967లో వచ్చింది, సుమారు 5.7 లీటర్లు. మన కుర్రవాళ్ళు దాని పరిమాణం చూసి మురిసిపోతారు. అక్కడివారు దానిని పట్టుకోవడానికి ముఖ్యకారణం వేరు: సామాను ప్రతి వూళ్ళో దొరుకుతుంది, ప్రతి మెకానిక్కుకూ దాని మర్మం తెలుసు. మనం నేర్చుకోవలసింది ఆ తెలివి, ఆ లీటర్లు కావు. చిన్న జీపులో పెద్ద ఇంజను బిగిస్తే, బురదలో చక్రం పట్టుకున్న క్షణాన ఆ బలమంతా గేరుబాక్సుమీద, ఇరుసుమీద పడుతుంది. విరిగేది అవే.

నీటి సంగతి మరువరాదు. గాలి పీల్చే గొట్టంలో నీరు దూరితే పిస్టను దానిని నొక్కలేదు. కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. అంతటితో ఇంజను ఖర్చు రెండవసారి మొదలు. అందుచేత గొట్టాన్ని పై కప్పు ఎత్తుకు తేవడం, రేడియేటరుకు బురద పట్టకుండా చూడడం, పెట్రోలు బండిలో విద్యుత్తు తీగలను, కంప్యూటరు పెట్టెను ఎత్తున పొడిగా వుంచడం ముందు చేయవలసిన పనులు. నీళ్ళలో బండి ఆగితే తాళం తిప్పవద్దు. బయటికి లాగి, ప్లగ్గులు విప్పి, నీరు పోయిందాకా ఇంజనును చేత్తో తిప్పాలి.

కాగితాలతో పొద్దు గడిపే ఉద్యోగులము గనుక ఒక మాట. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు రెండూ ఆర్.సి.లో వుంటాయి. మోటారు వాహనాల చట్టం (1988) 52వ సెక్షను ప్రకారం బండిని ఇష్టంవచ్చినట్టు మార్చడానికి లేదు. కంపెనీ నిర్ణయించిన తీరును మార్చరాదని సుప్రీంకోర్టు కూడా 2019లో చెప్పింది. ఇంజను మార్చాలంటే ఆర్.టి.ఓ. ముందస్తు అనుమతి తప్పనిసరి. మామూలు భీమా పాలసీ పందెంలో జరిగిన నష్టానికి వర్తించదు.

మా అభిప్రాయం ఇది. మొదటిసారి దిగేవాడు మంచి స్థితిలో వున్న జిప్సీని దాని 1298 సి.సి. ఇంజనుతోనే కొనాలి. 2019తో మామూలు కొనుగోలుదారులకు దీని అమ్మకం ఆగింది గనుక పాతవాటిలోనే ఏరుకోవాలి. చంద్రపూరులోనో నాగపూరులోనో సామాను దొరుకుతుందా అని ముందు విచారించాలి. మిగిలిన డబ్బు టైర్లకు, రోల్ కేజీకి, సీటుబెల్టుకు, హెల్మెట్టుకు పెట్టాలి. అశ్వశక్తి ఓడితే పందెం పోతుంది. ఇవి లేకపోతే మనిషి పోతాడు.

ఇంట్లో డి.ఐ. జీపు వుంటే, దానిని పందేనికి మాత్రం ముట్టవద్దు. వానాకాలపు అర్ధరాత్రి నొప్పులు పడుతున్న ఆడపడుచును కొండ దించి ఆస్పత్రికి చేర్చేది ఆ బండే. గోవాలో పందెం ఓడితే మరుసటేడు చూసుకోవచ్చు. ఆ రాత్రి మాత్రం బండి ఓడిపోరాదు.