మీకు తెలుసా? అండం ఎదురుచూసేది కాల్షియం కోసం!

కాల్షియం అనగానే ఎముకలు, పళ్లే గుర్తొస్తాయి. కానీ మన పుట్టుకలోనూ దాని హస్తం ఉంది. విడుదలైన అండం విభజన మధ్యలో, క్రోమోజోములు బారులు తీరిన దశలోనే ఆగిపోతుంది. శుక్రకణం తెచ్చే ఒక ఎంజైము పుణ్యమా అని అందులో కాల్షియం గంటల తరబడి అలలు అలలుగా ఎగసిపడుతుంది. ఆ కాల్షియం అయాన్లను 148 అమైనో ఆమ్లాల బుల్లి ప్రోటీన్ కాల్మాడ్యులిన్ నాలుగేసి చొప్పున పట్టుకుంటుంది. పట్టగానే ఆకారం మార్చుకుని మరో ఎంజైమును తట్టిలేపుతుంది. అది ‘ఎమి-2’ అనే కాపలా ప్రోటీన్‌కు ఫాస్ఫేటు తగిలిస్తుంది. అంతే, కాపలాదారుకు నూకలు చెల్లినట్టే! ఆపై అది కాపాడుతున్న సైక్లిన్-బి అనే ప్రోటీన్ నాశనమై, ఆగిన విభజన పూర్తవుతుంది. ఈ గొలుసులో చాలా లంకెలు కప్ప గుడ్లలోనే బయటపడ్డాయి. వాటికైతే ఒక్క కాల్షియం అల చాలు.