పొలానికి దారి ఎవరిది?

పదవీ విరమణ తర్వాత సొంతూరి దగ్గర రెండెకరాలు కొనుక్కోవాలన్న ఆలోచన మన కుటుంబాల్లో చాలామందికి ఉంటుంది. ధర, నీటి వసతి, నేల చూస్తాం. పాస్‌పుస్తకం, 1బి, ఈసీ తీయిస్తాం. దారి మాత్రం కళ్ల ముందే ఉంది కదా అని వదిలేస్తాం. వ్యవసాయ రుణాల తనిఖీకి తిరిగిన రోజుల్లో నేను చూసిన తగాదాల్లో చాలావరకు ఆ గట్టు మీద పుట్టినవే.

గోదావరి జిల్లాలో ఒక పొలం సంగతి చెబుతాను. అన్నదమ్ములు పంచుకున్నారు. రోడ్డు పక్క ముక్క అన్నకు, లోపలి ముక్క తమ్ముడికి వచ్చాయి. తమ్ముడు ఏళ్ల తరబడి అన్న గట్టు మీదుగానే బండి తోలాడు. ఆయన ముక్కను బయటివారు కొన్నారు. మొదటి పంటకు ట్రాక్టరు వెళ్లింది, రెండో పంటకు ముళ్లకంచె ఎదురైంది. దస్తావేజులో "సమస్త ఈజ్‌మెంటు హక్కులతో సహా" అని రాసే ఉంది. ఆ మాట దాదాపు ప్రతి దస్తావేజులోనూ ఉంటుంది లెండి. అమ్మినవారికి లేని హక్కు దానివల్ల పుట్టదు.

అలాగని కొన్నవారికి ఆధారమే లేదని కాదు. ఒకే భూమి పంపకం వల్లో అమ్మకం వల్లో విడిపోయి, ఒక ముక్కకు వేరే దారే లేకపోతే, 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 13వ సెక్షన్ అవసరం కొద్దీ దారి హక్కు ఇస్తుంది. వేరే దారి ఏర్పడితే ఆ హక్కు పోతుంది. 15వ సెక్షన్ ప్రకారం 20 ఏళ్లపాటు బహిరంగంగా, అడ్డంకి లేకుండా, హక్కుగా వాడినా దారి హక్కు వస్తుంది. అసలు కిటుకు "హక్కుగా" అన్న మాటలో ఉంది. పక్క రైతును అడిగి, ఆయన సరేనంటే నడిచిన ఏళ్లు లెక్కలోకి రావు. ఇవన్నీ కోర్టులో రుజువు చేసుకోవాలి. నాట్లు అంతదాకా ఆగవు.

ఈసీలో రిజిస్టరైన పత్రాలే కనిపిస్తాయి, వాడుక దారి కనిపించదు. న్యాయవాది అభిప్రాయం కూడా కాగితాల మీదే ఉంటుంది. అందుకే గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ నకలు తీసుకుని గ్రామ సర్వేయరుతో పొలానికి వెళ్లండి. పటంలో డొంకో పుంతో ఉంటే అది నేల మీద మిగిలి ఉందో లేదో చూడండి. రెండు వైపులా దున్నుకుంటూ వచ్చి కాలిబాటగా మార్చిన డొంకలు ఎన్నో. దారి కాలువ గట్టు మీదుగా అయితే ఆ గట్టు ఏ శాఖదో కనుక్కోండి. "మీరు అడిగి వెళ్తున్నారా, హక్కుగా వెళ్తున్నారా?" అన్న ప్రశ్న అమ్మేవారిని కాదు, పక్క రైతును అడగాలి. ఆయనకు అబద్ధం చెప్పే అవసరం తక్కువ.

మీరు కొనే పొలంలోంచి వెనకవాళ్లు వెళ్తున్నారేమో కూడా చూడాలి. కోతలయ్యాక వెళ్తే చక్రాల జాడలే చెబుతాయి.

దారి పక్కవారి భూమిలో ఉంటే, మిగతా సొమ్ము చెల్లించేలోపే వారి చేత దారి హక్కు దస్తావేజు రాయించి రిజిస్టరు చేయించండి. ఈ షరతు అమ్మకపు అగ్రిమెంటులోనే ఉండాలి. వాటాదారులందరూ సంతకం చేయాలి. సర్వే నంబరు, పొడవు, వెడల్పు, నక్షా ఉండాలి. వెడల్పు ట్రాక్టరు ట్రక్కుకూ కోత మిషనుకూ సరిపోవాలి. బోరు పైపు, కరెంటు తీగ అదే దారిలో వేయాలనుకుంటే అదీ విడిగా రాయించండి, నడిచే హక్కులో పైపు వేసే హక్కు కలిసి రాదు.