కలలో గిటారు, కలకత్తా బజారు

జోధ్‌పూర్ నగరంలో సంగీతమే ఊపిరిగా బ్రతికిన కుటుంబం ఒకటి ఉండేది. తండ్రి గోవర్ధన్‌లాల్ కాబ్రా సితారు నేర్చిన రసికుడు. అన్న దామోదర్‌లాల్ ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ శిష్యుడై సరోద్ చేపట్టాడు. 1937లో ఆ ఇంట జన్మించిన బ్రిజ్ భూషణ్ కూడా ఈ రెండింటిలో ఏదో ఒకటి అందుకుంటాడని అందరూ అనుకోవడం సహజమే. కాని యౌవనంలో కలకత్తా వెళ్ళినప్పుడు ఆయన మనసును హరించినది సితారూ కాదు, సరోదూ కాదు. ఒడిలో వెల్లకిలా పరుండబెట్టి, తీగలపై ఉక్కు కడ్డీని జారుస్తూ వాయించే హవాయి గిటారు అది.

తండ్రి ప్రసన్నుడు కాలేదు. ఆ రోజులలో గిటారు అంటే హోటళ్ళలో నాట్యాలకూ, సినిమా పాటల వరుసలకూ పనికివచ్చే విదేశీ వస్తువు. చివరకు కుమారుడు ఒక మాట ఇచ్చాడు: ఈ వాద్యంపై శాస్త్రీయ సంగీతం తప్ప మరొకటి పలికించను. బ్రిజ్ భూషణ్ కాబ్రా ఆ మాట నిలబెట్టుకున్నాడు. అన్నకు గురువైన అలీ అక్బర్ ఖాన్ వద్దనే తానూ శుశ్రూష చేశాడు. 1967లో శివకుమార్ శర్మ సంతూర్‌తో, హరిప్రసాద్ చౌరాసియా వేణువుతో కలిసి ఆయన గిటారు వినిపించిన 'కాల్ ఆఫ్ ది వ్యాలీ' రికార్డు దేశంలోనూ, దేశం వెలుపలా లక్షలాది శ్రోతలకు చేరింది.

ఆయన ఒడిలో స్థిరపడిన వాద్యం పేరు గిబ్సన్ సూపర్ 400. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ పట్టణపు గిబ్సన్ కంపెనీ 1934లో దానిని విడుదల చేసింది. ఫిడేలు వలె పైభాగం ఉబ్బుగా చెక్కి, రెండు పక్కలా 'ఎఫ్' అక్షరపు ఆకారంలో రంధ్రాలు తొలిచిన ఆ గిటారు వెడల్పు 18 అంగుళాలు. ఆనాడు దాని వెల 400 డాలర్లు కాబట్టి ఆ అంకెనే పేరులో చేర్చారు. ఆర్థికమాంద్యంతో అమెరికా అల్లాడుతున్న సంవత్సరాలవి. ధరనే బిరుదుగా ధరించి బజారుకెక్కిన వాద్యమది. జాజ్ బృందాలలో నిలువుగా పట్టుకుని వాయించడానికి పుట్టిన దానిని కాబ్రా ఒడిలో పడుకోబెట్టి, దానికి శ్రుతి తీగలు అమర్చి, ఆలాపన చేయించాడు. తయారుచేసినవారు కలలో కూడా ఊహించని కాపురం!

వాద్యగాడికి ఫలానా పేరుగల వాద్యమే కావాలన్న పట్టుదల ఎక్కడ నుంచి వస్తుంది? తెలుగువారికి ఈ ప్రశ్న కొత్త కాదు. వీణ అనగానే 'బొబ్బిలిదేనా?' అని అడగడం మనకు అలవాటు. గొల్లపల్లి వడ్రంగులు ఒకే పనస దుంగను తొలిచి చేసే వీణకు ఊరి పేరే ముద్ర. కలకత్తాలో సితారు వాయించేవారికి కనైలాల్, హిరెన్ రాయ్ అటువంటి పేర్లే. సరోద్ వాయించేవారికి హేమెన్ సేన్ పేరు అటువంటిదే. అయితే అక్కడ శిష్యుడు గురువు చేతిలోని వాద్యాన్ని కళ్ళారా చూస్తాడు, పని చేసే మిస్త్రీ ఇంటికి నడిచి వెళ్తాడు. గిటారు సంగతి వేరు. కలకత్తా యువకుడికి దాని పేరు ముందు తెలిసేది, ధ్వని తరువాత, వాద్యం చివరకు, అదీ అదృష్టం ఉంటే.

గిటారు ఆ నగరానికి వచ్చిన తోవ కూడా సామాన్యమైనది కాదు. తీగలపై లోహాన్ని జార్చే పద్ధతిని పందొమ్మిదవ శతాబ్దపు చివర హవాయి ద్వీపాలలో జోసెఫ్ కెకుకు అనే బాలుడు కనుగొన్నాడని ప్రతీతి. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనతో అమెరికా అంతటా ఆ మోజు వ్యాపించింది. హవాయి బృందాలు ఓడలెక్కి లోకసంచారం ప్రారంభించాయి. అటువంటి బృందంలో 1920ల చివర బయలుదేరిన యువకుడు టావు మో. 1908లో సమోవాలో పుట్టి, హవాయిలో పెరిగిన ఈ గిటారిస్టు భార్య రోజ్‌తో కలిసి ఐదు దశాబ్దాలకు పైగా దేశదేశాలు తిరిగాడు. 1940లలో కొన్ని సంవత్సరాలు కలకత్తా ఆయనకు స్వంత ఊరు అయింది.

అది యుద్ధకాలపు కలకత్తా. వీధుల నిండా అమెరికన్, బ్రిటిష్ సైనికులు. చౌరంగీలోని గ్రాండ్ హోటల్‌లో ప్రతి రాత్రీ వాద్యబృందం. షికాగో నుంచి వచ్చిన పియానో విద్వాంసుడు టెడ్డీ వెదర్‌ఫర్డ్ అక్కడ వాయిస్తూనే 1945లో కలరా సోకి కన్నుమూశాడు. అదే వాతావరణంలో టావు మో వాయించాడు, నేర్పాడు. ఆయన ప్రభావంలో ఎదిగిన స్థానిక వాద్యకారుడు గార్నీ నిస్ 'అలోహా బాయ్స్' అనే బృందంతో రేడియోలోనూ, రికార్డులలోనూ పేరు పొందాడు.

ఆశ్చర్యమేమంటే, నృత్యశాలల గిటారు కొద్ది కాలంలోనే బెంగాలీ నడింటిలోకి ప్రవేశించింది. కారణం గాత్రంలోనే ఉన్నది. మెట్లున్న గిటారుపై స్వరానికీ స్వరానికీ నడుమ గోడ ఉంటుంది. ఉక్కు కడ్డీ ఆ గోడను తొలగిస్తుంది. కంఠం వలె జారుతూ, ఊగుతూ, నిట్టూరుస్తూ పలుకుతుంది. రవీంద్ర సంగీతానికి కావలసినది అదే. బటుక్ నంది గిటారుపై రవీంద్రుని వరుసలు పలికించాడు. కవి నజ్రుల్ ఇస్లాం కుమారుడు కాజీ అనిరుద్ధ గిటారునే తన వృత్తిగా చేసుకున్నాడు. సునీల్ గంగూలీ విద్యుత్ గిటారుపై వాయించిన సినిమా వరుసలు ఇంటింటా మోగాయి. హార్మోనియం పక్కన గిటారు కూడా ఉంటేనే సంస్కారవంతమైన ఇల్లు అనే కాలమొకటి గడిచింది.

దీనిలో ఒక చమత్కారం కూడా ఉన్నది. చౌకరకం గిటారుకు ఏ దేశంలోనైనా ఒకే జబ్బు: కొంతకాలానికి మెడ వంగుతుంది, తీగలు మెట్ల నుంచి పైకి లేస్తాయి, నొక్కబోతే వ్రేళ్ళు కోసుకుపోతాయి. మామూలు గిటారుకు అది మరణశాసనం. హవాయి పద్ధతికి తీగలు ఎత్తుగా ఉండడమే కావాలి. ఒకరి చేతిలో పనికిరానిదిగా తేలిన వాద్యం మరొకరి ఒడిలో బ్రతికి బట్ట కట్టవచ్చు.

1960లు వచ్చేసరికి కలకత్తా కుర్రవాళ్ళకు మరొక గిటారు పిచ్చి పట్టుకుంది. పార్క్ స్ట్రీట్‌లోని ట్రింకాస్, మొకాంబో, బ్లూ ఫాక్స్ రెస్టారెంట్లలో పాశ్చాత్య బృందగానం సాగేది. లోపలికి వెళ్ళే స్తోమత లేనివారికి రేడియో సిలోన్ ఉన్నది. వాయిస్ ఆఫ్ అమెరికాలో విల్లిస్ కానోవర్ జాజ్ కార్యక్రమం ఉన్నది. ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో పాత రికార్డులు ఉన్నాయి. 1967 నుంచి పదేళ్ళపాటు డెస్మండ్ డోయిగ్ సంపాదకత్వంలో కలకత్తా నుంచి వెలువడిన 'జూనియర్ స్టేట్స్‌మన్' పత్రిక పాప్ గాయకుల బొమ్మలు అచ్చువేసేది. రికార్డు అట్టపైనో, పత్రిక పుటలోనో కనిపించే గిటారు తల దగ్గర కంపెనీ పేరును కళ్ళు చిట్లించి చదవడం, ఆ పేరును జపించడం: ఈ తరానికి కలల వాద్యంతో తొలి పరిచయం ఇలాగే జరిగింది. ఆ వాద్యపు బరువు ఎంతో, మెడ అరచేతిలో ఎలా ఇముడుతుందో తెలియకుండానే ప్రేమ పుట్టేది. బంధువులు తెచ్చిన ఫోటో చూసి పెళ్ళికి తలూపడం వంటిదే ఇదీ.

చేతికందేది వేరే. 1991లో ఆర్థిక విధానం మారే వరకు విదేశీ వాద్యాల దిగుమతికి అనుమతులు, సుంకాలు పెద్ద అడ్డుగోడ. విదేశాల నుంచి తిరిగివచ్చే బంధువు, ఊరు విడిచి వెళ్తూ సామాను అమ్ముకునే కుటుంబం, ఓడ దిగిన నావికుడు, వీరిలో ఎవరైనా దయతలిస్తే తప్ప అసలు సరకు దొరకదు. అందుచేత కలకత్తా తన గిటార్లను తానే తయారుచేసుకున్నది. లాల్‌బజార్ దగ్గర, చిత్‌పూర్ రోడ్డు (నేటి రవీంద్ర సరణి) మొదట్లో ఉన్న వాద్యాల దుకాణాల వరుసలో తబలాలు, హార్మోనియాలు, సితార్ల నడుమ ఈ గిటార్లు వ్రేలాడేవి. వాటి తలలపై పేర్లు చదివితే నవ్వూ వస్తుంది, జాలీ కలుగుతుంది: గివ్‌సన్, హాబ్నర్. అమెరికా గిబ్సన్‌కూ, జర్మనీ హాఫ్నర్‌కూ ఒక్కొక్క అక్షరమే ఎడం. కల ఏమిటో ఆ పేర్లే చెప్పేవి. కలకూ జేబుకూ ఉన్న దూరాన్ని కూడా చెప్పేవి. దేశంలో ఎందరో గిటారిస్టుల తొలి వాద్యం ఈ కలకత్తా సరకే. తెలుగునాట బృందగానాలలో గిటారు పట్టినవారికీ ఈ పేర్లు పరిచితమే.

కలల పేరుకూ దొరికిన వస్తువుకూ మధ్య ఈ ఎడం బీదదేశాలకే పరిమితమనుకోనవసరం లేదు. 1961లో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో వాయిస్తున్న పాల్ మెక్కార్ట్నీకి బాస్ గిటారు అవసరమైంది. అమెరికన్ ఫెండర్ కొనగల శక్తి అతనికి లేదు. సుమారు 30 పౌన్లకు ఫిడేలు ఆకారపు హాఫ్నర్ దొరికింది. అతను ఎడమచేతివాటం మనిషి. రెండు పక్కలూ సమానంగా ఉన్న ఆ ఆకారం తిరగవేసి పట్టుకున్నా వికారంగా కనిపించదు. ధర కుదిరి, రూపం కుదిరి కొన్న ఆ చవక వాద్యం బీటిల్స్ బృందంతో పాటు ప్రపంచమంతా తిరిగింది. అచ్చం అటువంటిదే కావాలని వేలాదిమంది వెదకసాగారు. 1972లో దొంగిలింపబడిన ఆ బాస్ తిరిగి యజమానిని చేరిన వార్త 2024లో వెలువడినప్పుడు లోకమంతా సంబరపడింది.

అదే బీటిల్స్‌లో మరొకరు, జార్జ్ హారిసన్, 1965లో లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లోని భారతీయ వస్తువుల దుకాణంలో ఒక సితారు కొన్నాడు. 2018లో అమెరికాలో ఆయన సితారు ఒకటి వేలానికి వచ్చి 62,500 డాలర్లు పలికింది. దానిని తయారుచేసినది కలకత్తాకు చెందిన కనైలాల్ అండ్ బ్రదర్. చిత్‌పూర్ రోడ్డు కుర్రవాడు గిబ్సన్ పేరు జపిస్తున్న కాలంలో, లివర్‌పూల్ కుర్రవాడు కలకత్తా సితారును ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడన్నమాట.

కలకత్తాలో బాస్‌నూ, గిటారునూ చేతబట్టినవారు పరాయి పాటలతోనే ఆగిపోలేదు. 1975లో గౌతమ్ చటోపాధ్యాయ నాయకత్వాన ఏడుగురు యువకులు 'మొహీనేర్ ఘొడాగులి' అనే బృందంగా ఏర్పడి బెంగాలీలోనే సొంత పాటలు కట్టారు. ఆనాడు వారిని ఆదరించినవారు కొద్దిమంది. రెండు దశాబ్దాల తరువాత వారి పాటలు కొత్త తరం నోట మారుమ్రోగాయి. బెంగుళూరులో పుట్టి కలకత్తాలో స్థిరపడిన కార్ల్‌టన్ కిట్టో రికార్డులు విని విని జాజ్ గిటారు సాధించి, 2016లో మరణించేవరకు శిష్యులకు ఆ విద్య పంచాడు.

కాబ్రా కథకు కొనసాగింపు కూడా ఈ నగరంలోనే ఉన్నది. 1963లో సంగీతకారుల ఇంట జన్మించిన దేబాశిష్ భట్టాచార్యకు మూడేళ్ళ ప్రాయంలోనే హవాయి గిటారు చేతికందింది. కొంత పెద్దవాడయ్యాక కాబ్రాకు శిష్యుడై సంవత్సరాల తరబడి సాధన చేశాడు. గురువుకు గిబ్సన్ దొరికింది. శిష్యుడికి ఏ కంపెనీ గిటారూ చాలలేదు. సితారు ఝంకారం, సరోద్ గాంభీర్యం, వీణ గమకం, వయొలిన్ జారుడు ఒకే చోట కావాలని ఆయన పట్టు. అటువంటిది ఏ దుకాణంలో దొరుకుతుంది? పదిహేనేళ్ళ వయసులో, 1978లో, తన వాద్యానికి తానే రూపకల్పన చేసుకున్నాడు. మెడను బోలుగా తొలిపించి, ప్రధాన తీగలకు తోడు చికారీలనూ, అనునాద తీగలనూ చేర్చగా మొత్తం తీగలు ఇరవై దాటాయి. నాలుగు వాద్యాల వన్నెలు కలిసినది కనుక దానికి చతురంగి అని పేరు పెట్టాడు. మన పాలకొల్లు బాలుడు ఉప్పలపు శ్రీనివాస్ తండ్రి మాండొలిన్‌ను అందుకుని, దానిని కర్ణాటక సంగీతానికి లొంగదీసిన కథ గుర్తున్నవారికి ఈ సాహసం అర్థమవుతుంది.

చతురంగి ధ్వని 2008లో వెలువడిన 'కలకత్తా క్రానికల్స్' ఆల్బమ్ ద్వారా గ్రామీ పురస్కార పరిశీలనకు ఎక్కింది. ఉక్కు కడ్డీతో గమకం పలికించే విద్య కోసం ఇప్పుడు అమెరికా, యూరప్ గిటారిస్టులు కలకత్తా దారి పడుతున్నారు. టావు మో 2004లో హవాయిలో కన్నుమూశాడు. ఆయన స్మృతికి అంకితంగా దేబాశిష్ 2017లో 'హవాయి టు కలకత్తా' అనే ఆల్బమ్ వెలువరించాడు.

చతురంగి తరువాత ఆయన మరి రెండు వాద్యాలను రూపొందించాడు. వాటిలో ఒకటి గాంధర్వి. హవాయివారి ఉకులేలేను పోలిన, నాలుగే తీగల చిన్న వాద్యం రెండవది. దానికి తన కుమార్తె పేరు పెట్టుకున్నాడు: ఆనంది.