కొండ పందేనికి హ్యాండిల్ ఎందుకు కోస్తారు?

ఇంగ్లండ్‌లో అక్టోబరు వచ్చిందంటే కొందరు సైకిలిస్టులు రంపం అందుకుంటారు. హ్యాండిల్‌కు కిందికి వంగి ఉండే కొమ్ముల్ని కోసేస్తారు. చుట్టిన టేపు ఊడదీస్తారు. నీళ్ల సీసా పెట్టుకునే చట్రమూ ఉండదు. అది కొండెక్కే పందేల కాలం! క్యాట్‌ఫర్డ్ సైక్లింగ్ క్లబ్ తన కొండ పందేన్ని 1887లోనే మొదలుపెట్టింది. ఇప్పుడది కెంట్‌లోని యార్క్స్ హిల్ మీద జరుగుతుంది.

ఎందుకింత యాతన? చదును రోడ్డు మీద జోరుగా పోయేవాడికి గాలే పెద్ద అడ్డు. నిటారు కొండ మీద వేగం తక్కువ కాబట్టి గాలి అంతగా ఆపదు. కాళ్ల సత్తువలో ఎక్కువ భాగం బరువును పైకి లేపడానికే పోతుంది. మనిషీ సైకిలూ కలిపి 70 కిలోలు అనుకోండి. ఒక్క కిలో తగ్గిస్తే మూడు నిమిషాల ఎక్కుడులో దాదాపు రెండు సెకన్లు మిగులుతాయి. పందెం తేలిపోవడానికి అది చాలు.

బ్రేకులు మాత్రం పీకరు. రోడ్డు చట్టం ఒప్పుకోదు. పైగా, మళ్లీ కిందికి దిగాలిగా!

యార్క్స్ హిల్ మీద కొన్నిచోట్ల నాలుగు మీటర్లు ముందుకెళితే ఒక మీటరు పైకెక్కినట్టే. అందుకే ముందు చిన్న పళ్లచక్రం, వెనక పెద్దది వేస్తారు. సీటు మీంచి లేచి తొక్కితే బలం వస్తుంది కానీ, వెనక చక్రం మీద బరువు తగ్గి తడి ఆకుల మీద గిర్రున జారుతుంది. టైర్లలో గాలి కాస్త తగ్గిస్తే పట్టు దొరుకుతుంది.

ఖరీదైన చక్రాలకన్నా ముఖ్యం, నా లెక్కలో, ఒళ్లు వేడెక్కించడం. పందెం నిమిషాల్లో అయిపోతుంది. దారిలో కండరాలు వేడెక్కేదాకా ఆగే తీరికెక్కడిది? అందుకే ముందే, సైకిల్ ఉన్నచోటే ఉండి చక్రాలు తిరిగే రోలర్ల మీద చెమట పట్టేదాకా తొక్కి వస్తారు.