కళ్లు రెండూ వదిలేసి...

"కళ్లు రెండూ వదిలేసి ఎక్కడ కొట్టినా మేం అడగం టీచర్." ఆరో తరగతిలో పిల్లాణ్ని చేర్పిస్తూ నాన్నలు అనే మాట ఇది. పల్నాడు పల్లెల్లో సైన్సు చెబుతూ ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. పిల్లలకు దగ్గరయ్యే విషయంలో తల్లిదండ్రులకే కాదు, స్టాఫ్‌రూమ్‌లో మాకూ అపోహలు తక్కువేం లేవు.

అపోహ: దెబ్బ పడితేనే మాట వింటారు. 'దండం దశగుణం' అన్నారు కదా పెద్దలు.

వాస్తవం: పెద్దలు అన్నది వేరే సంగతి. ఆ శ్లోకం చేతికర్ర ఉపయోగాలను లెక్కపెడుతుంది. పక్షులు, కుక్కలు, శత్రువులు, పాములు, పశువులు ఎదురైనప్పుడు. బురదలో, నీళ్లలో నడిచేటప్పుడు. చూపు లేనప్పుడు, చీకట్లో, ముసలితనంలో. పదీ అయిపోయాయి, అందులో బడిపిల్లలు లేరు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలనే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ స్కేలు పట్టాను. క్లాసు నిశ్శబ్దంగానే ఉండేది. డౌటు అడిగేవాళ్లే ఉండేవాళ్లు కాదు.

అపోహ: హైస్కూలుకు రాగానే పిల్లలు ముదిరిపోతారు, టీచరంటే లెక్క ఉండదు.

వాస్తవం: మారేది పిల్లలొక్కరే కాదు, బడి కూడా. ఐదో తరగతి దాకా పొద్దుగూకులూ ఒకరిద్దరు టీచర్లే. ఎవరికి రాత్రి జ్వరమొచ్చిందో, ఎవరింట్లో గొడవ జరిగిందో వాళ్లకు తెలుసు. ఆరో తరగతిలో గంట కొట్టినప్పుడల్లా మనిషి మారిపోతాడు. తెలుగు సారు, హిందీ మేడం, లెక్కల సారు... ఇంతమందిలో తన సంగతి తెలిసినవాళ్లు ఒక్కరూ ఉండరు.

ఒకమ్మాయి రెండు వారాలు బడికి రాలేదు. నేను ఆబ్సెంట్ వేసుకుంటూ పోయాను. వచ్చిన రోజున బోర్డు దగ్గర నిలబెట్టి పాత పాఠంలో ప్రశ్న అడిగాను. తల వంచుకుని నిలబడింది. మధ్యాహ్న భోజనం దగ్గర ఎందుకో ఆమె పక్కనే కూర్చున్నాను. సగం అన్నం అయ్యాక చెప్పింది: మిరప కోతలు, అమ్మానాన్నా చేలోకి పోతే చంటి తమ్ముణ్ని చూసుకోవడానికి ఆగిపోయిందట. ఆ రోజు నుంచి వారానికి రెండుసార్లయినా పిల్లల వరసలో కూర్చుని తింటున్నా. ఏ రిజిస్టరులోనూ దొరకని సంగతులు అక్కడ దొరుకుతాయి. కోడిగుడ్డు పెట్టే రోజైతే కబుర్లు ఇంకాస్త ఎక్కువ.

అపోహ: అడిగిన వెంటనే చెప్పలేదంటే రాదనే అర్థం.

వాస్తవం: అమెరికన్ పరిశోధకురాలు మేరీ బడ్ రో సైన్సు క్లాసులను టేపు చేయించి విన్నారు. ప్రశ్న వేశాక టీచర్లు ఆగుతున్నది సుమారు ఒక్క సెకను. 1970లలో ఆమె చెప్పిన సంగతి ఏమిటంటే, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగవుతాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లూ మాట్లాడతారు. నేను లోలోపల ఒకటీ రెండూ మూడూ అనుకుంటాను. చెప్పినంత తేలిక కాదు. ముందు బెంచీ చేతులు అప్పటికే లేచి ఊగుతుంటాయి.

అపోహ: జోకులేసి, సినిమా డైలాగులు చెబితే దగ్గరవుతారు.

వాస్తవం: ఏడో తరగతివాళ్లు నటనను ఇట్టే పట్టేస్తారు. దానికి వాళ్లు పెట్టిన పేరు 'ఓవరాక్షన్'. ఆ బిరుదు ఒకసారి పొందాను, చాలు.

అపోహ: చనువిస్తే నెత్తికెక్కుతారు.

వాస్తవం: పూటకో రూలు మార్చే టీచరు నెత్తికే ఎక్కుతారు. నోట్సు సోమవారం తెమ్మంటే సోమవారం చూడాల్సిందే, అందరివీ చూడాల్సిందే. టీచరు సారీ చెబితే పరువు పోతుందనేది కూడా ఇందులో భాగమే. బోర్డు దగ్గర నిలబెట్టినందుకు ఆ అమ్మాయికి క్లాసులోనే సారీ చెప్పాను. ఎవరూ నవ్వలేదు. కొన్నాళ్లకు ఆమె మొదటిసారి చెయ్యెత్తింది: "మిరపకాయలు కోస్తే చేతులు అంతసేపు ఎందుకు మండుతాయి టీచర్? కడుక్కున్నా పోదేం?" కాప్సైసిన్ నీళ్లలో కరగదనీ, నూనెలో కరుగుతుందనీ, ముందు నూనె రాసి తర్వాత సబ్బుతో కడగాలనీ ఆ పీరియడంతా చెప్పుకున్నాం. సిలబస్‌లో పాఠం వేరే ఉంది. మర్నాడు చెప్పాను.

ఈసారి తల్లిదండ్రుల సమావేశానికి వచ్చినప్పుడు కళ్ల సంగతీ వీపు సంగతీ వదిలేయండి. మీ బిడ్డ ఇంట్లో ఏ పని చేస్తుందో, దేనికి భయపడుతుందో, ఎవరి దగ్గర గలగలా మాట్లాడుతుందో రెండు ముక్కలు చెప్పి వెళ్లండి.