గ్రంథానికీ పొలానికీ మధ్య దూరం

క్రీ.శ. 12వ శతాబ్ది చివర, అందలూసియాలోని ఇష్బీలియాలో, అనగా నేటి స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో, ఇబ్నుల్ అవ్వామ్ అనే పండితుడు వ్యవసాయంపై ఒక బృహద్గ్రంథం రచించాడు. పూర్వుల మాటలను సంకలనం చేయడంతో ఆయన తృప్తి చెందలేదు. నగర సమీపంలోని కొండ నేలల్లో వాటిని స్వయంగా పరీక్షించాడు. గ్రంథానికీ పొలానికీ మధ్య దూరాన్ని తగ్గించడమే వ్యవసాయ విజ్ఞానానికి ప్రాణం. ప్రపంచ ఆహార సమస్య విషయంలో నేటి విశ్వవిద్యాలయాలను కూడా ఈ కొలతతోనే పరిశీలించవలసి ఉంది. అందుకు మన పటాన్‌చెరు మంచి ఉదాహరణ.

1972లో ఇక్కడ ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పరిశోధనా సంస్థ వెలసింది. ఇది విశ్వవిద్యాలయం కాదు. అయితే పలు విశ్వవిద్యాలయాల విద్యార్థులు తమ పరిశోధనలను ఇక్కడి పొలాల్లో సాగిస్తారు. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ ఇక్కడి ముఖ్య పంటలు. వానపై ఆధారపడి బ్రతికే పేదల తిండి ఇదే. శీతల గదులలో 1,20,000కు పైగా విత్తన నమూనాలు భద్రపరచబడి ఉన్నాయి. ఒకప్పుడు ఇథియోపియా, కెన్యా, సోమాలియాల నుండి సేకరించిన జొన్న రకాలను తిరిగి ఆ దేశాలకే అందించగలిగారు. ఎండు తెగులు నిండిన మడిలోనే కంది రకాలను నాటి, బ్రతికిన వాటిని ఎన్నుకునే పద్ధతిని ఇక్కడ అనుసరించారు. 1986లో విడుదలైన మారుతి కంది ఆ తెగులును తట్టుకుని ఉత్తర కర్ణాటక రైతులకు ఆసరా అయింది.

పటాన్‌చెరుకు మరొక ముఖం కూడా ఉంది. కర్మాగారాల వ్యర్థజలం నక్కవాగులో చేరి పరిసర గ్రామాల పొలాలనూ బావులనూ పాడుచేసింది. ఈ విషయం 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక పత్రం ప్రకటించారు. సుమారు 90 ఔషధ కర్మాగారాల వ్యర్థాన్ని శుద్ధిచేసే కేంద్రం నుండి వెలువడిన నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు ఉన్నట్లు అందులో తెలిపారు. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఇది ఎక్కువ. ఇటువంటి నీటిలో మందుకు లొంగని సూక్ష్మక్రిములు పెరిగే ప్రమాదం ఉంది.

ఇటువంటి పత్రాలను తెలుగులోకి తెచ్చేటప్పుడు అనువాదకునిగా నాకు ఒక సంగతి బోధపడింది. 'మైక్రోగ్రాము'ను తెలుగులో చెప్పడం కష్టం కాదు. ఈ నీటిని గేదెకు పెట్టవచ్చునా, ఈ మడిలో పండిన వరి తినవచ్చునా అన్న రైతు ప్రశ్నకు పత్రంలో సమాధానం వెతకడమే కష్టం. ఆ లోపం భాషది కాదు. పరిశోధన ఆరంభంలో ఆ ప్రశ్నను ఎవరూ అడగలేదు.

కనుక విశ్వవిద్యాలయం కర్తవ్యం మేలైన విత్తనాన్ని సృష్టించడంతో ముగియదు. ఆ విత్తనం మొలిచే నేలనూ, తడిపే నీటినీ పరీక్షించాలి. ఫలితాన్ని రైతు భాషలో రైతుకే ముందుగా చెప్పాలి. రాజేంద్రనగర్‌లో 1964 నుండి వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. 2008లో ప్రారంభమైన ఐఐటీ నేడు సంగారెడ్డి చెంతనే, కందిలో ఉంది. మన వాగు నీటిలో ఏముందో స్వీడన్ నుండి వచ్చి చెప్పవలసిన అగత్యం ఇక ఉండకూడదు.

ఇబ్నుల్ అవ్వామ్ నడిచిన దూరం ఎంతో కాదు, ఊరి నుండి పొలం వరకే. మన పండితులు నడవవలసిన దూరమూ అంతే.