కారు కిందకు దూరుతున్నారా? జాకీ ఒక్కదాన్నే నమ్ముకుంటే ప్రాణాలకే ముప్పు!

ఇంటి దగ్గర కారు రిపేర్ చేసుకునేవాళ్లు చాలామంది జాకీతో లేపేసి నేరుగా కిందకు దూరిపోతుంటారు. ఇది చాలా ప్రమాదం. కారుతో వచ్చే జాకీ టైరు మార్చడానికే. హైడ్రాలిక్ జాకీ అయినా సీల్ పోతే కారు కిందకు దిగిపోతుంది.

మరి ఏం చేయాలి? చదునైన గట్టి నేలపై కారు ఆపి, గేర్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ వేయాలి. చాలా కార్లలో హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనుక చక్రాలనే. అందుకే వెనుక వైపు లేపితే ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మెలు అడ్డు పెట్టాల్సిందే. మాన్యువల్‌లో చూపించిన చోటే జాకీ పెట్టి లేపాక, బరువును జాక్ స్టాండ్లపైకి దించాలి. ఇటుకలు, సిమెంట్ బ్రిక్స్ అస్సలు వద్దు.. ఒక్కసారిగా పగిలిపోతాయి. కిందకు వెళ్లేముందు కారును చేత్తో ఊపి చూడండి. కదిలితే దించేసి మళ్లీ మొదలుపెట్టండి.